కోరంగి రేవు నుండి మస్కట్ దాకా: పడి లేచినవారి చరిత్ర



మన పెద్దలు చెప్పే సామెత ఒకటి ఉంది: పడ్డవాడు చెడ్డవాడు కాడు. మన ఇండ్లలో ఈ మాట తరచుగా వింటాము. కాని ఎవరైనా పడినప్పుడు ఆ సంగతి నలుగురికి తెలియకుండా దాచడం కూడా మన ఇండ్లలోనే చూస్తాము. దాచిన పాటు మనిషిని బలహీనుణ్ణి చేస్తుంది, ఒప్పుకొని పంచుకొన్న పాటు అతనికి బలాన్నిస్తుంది. ఈ సంగతి నేను పుస్తకాలలో గాక ఒమాన్ దేశంలో తెలుసుకొన్నాను. నేను తెలుగును మందిరంలో జరిగే సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నవాణ్ణి. భాషలో తప్పులుంటే మన్నించగలరు.

ముందుగా మన చరిత్ర. మొరిషస్‌లో మన తెలుగువారిని చాలాకాలం "కోరంగివాళ్ళు" అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే మనకు జాతి పేరైంది. ఆ రేవును 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను ధ్వంసం చేసింది. ఓడలు, ఇండ్లు, మనుషులు సముద్రం పాలయ్యారు. రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. దాని పేరు మాత్రం సముద్రాలు దాటి మన దీవిలో నిలిచింది.

ఇక్కడ రాళ్ళు ఎత్తితే కింద బంగారం దొరుకుతుందని చెప్పి మనవారిని ఓడ ఎక్కించారని పెద్దలు చెప్పేవారు. దొరికింది చెరకు తోట. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. గిరిమిటు ముగిసినవారికి కూడా స్వేచ్ఛ లేదు. 1867 నాటి చట్టం ప్రకారం పాత వలసదారు తన ఫోటో అంటించిన పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. అది లేకుండా దారిలో కనబడితే పోలీసులు దిమ్మరి అని పట్టుకొనేవారు.

అప్పుడు మనవారు ఏమి చేశారు? ఓర్చుకొన్నారని మనం గర్వంగా చెప్పుకొంటాము. అది సగం నిజమే. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటదారు సాయంతో పాత వలసదారులు గవర్నరుకు ఒక విన్నపపత్రం సమర్పించారు. దానిపై 9,401 మంది సంతకాలు, గుర్తులు పెట్టారు. "నాకు ఇంత అవమానం జరిగింది" అని అంతమంది బహిరంగంగా ఒప్పుకొన్నారన్నమాట. ప్లెవిట్జ్‌ను దీవి నుండి వెళ్ళగొట్టమని తోటల యజమానులు గోల చేశారు. అయినా 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది, 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. కష్టాలన్నీ తీరలేదు గాని, నోరు విప్పినందుకు ఫలితం దక్కింది.

ఇక ఒమాన్ సంగతి. 1967లో ఆ దేశం నుండి చమురు ఎగుమతి మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ సింహాసనం ఎక్కే నాటికి అక్కడ ఉన్న ఆధునిక పాఠశాలలు మూడే. ఆ తరువాత రోడ్లు, ఆసుపత్రులు, బడులు కట్టడానికి, ఇండ్లలో పని చేయడానికి లక్షలమంది పరదేశీయులు వచ్చారు. వారిలో నిజామాబాదు, కరీంనగరం ప్రాంతాల మేస్త్రీలు, కూలీలు ఉన్నారు. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి వచ్చిన స్త్రీలూ ఉన్నారు.

ఇంటి అప్పు తీర్చడానికి 2013లో నేను జీతం లేని సెలవు పెట్టి, మస్కట్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పడానికి వెళ్ళాను. 2015 జూనులో వారు నా ఒప్పందాన్ని పొడిగించలేదు. మరొక పాఠశాల నన్ను రమ్మంది. కాని అప్పటి నిబంధన ప్రకారం పాత యజమాని "అభ్యంతరం లేదు" అని పత్రం ఇవ్వాలి, లేకపోతే రెండేళ్ళ దాకా ఆ దేశంలో మళ్ళీ పనికి రాకూడదు. వారు పత్రం ఇవ్వలేదు. మా ముత్తాత జేబులోని ఫోటో కాగితం నాకు ఆనాడు గుర్తుకు వచ్చింది. నేను జీతం తీసుకొని విమానంలో ఇంటికి పోగలను, ఆయనకు ఆ భాగ్యం లేదు. రెండూ ఒకటే అనను. కాని ఒక మనిషి అడుగు వేయడానికి మరొకరి కాగితం కావాలనే పద్ధతి మాత్రం ఒకటే.

సిగ్గుతో ఇంటికి అబద్ధం రాశాను, సెలవులకు వస్తున్నానని. ఆ రోజులలోనే, పత్రాలు లేనివారు జరిమానా లేకుండా స్వదేశం వెళ్ళవచ్చని ఒమాన్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ఒక మిత్రుడి కాగితాల పని మీద భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి వరుసలో కూర్చొన్నాను. పక్కన ఒక స్త్రీ ఉంది. జీతం ఇవ్వని ఇంటి నుండి బయటపడి ఏడాది అయిందట.

"ఏ ఊరన్నయ్యా మీది?" అని అడిగింది.

"మొరిషస్. మా పెద్దలది కోరంగి" అన్నాను.

"కోరంగా! మాది తాళ్ళరేవు పక్కనే. అయితే మా వోళ్ళే మీరు" అని నవ్వింది.

ఇంటికి పోయి ఏమి చెబుతావమ్మా అన్నాను. "ఉన్నదే చెబుతాను. గొప్పలు చెబితే, నన్ను చూసి మా వీధి పిల్ల ఇంకొకతి ఇందులోనే పడుద్ది. నేను పడింది చాలు" అంది.

నూట యాభై ఏండ్ల క్రితం మన ఓడలెక్కినవారికి ఇలా చెప్పేవారు కరువయ్యారు. ఆ సాయంత్రమే నేను ఇంటికి ఫోను చేసి నిజం చెప్పాను.

తిరిగి వచ్చేముందు నిజ్వా వెళ్ళి ఫలజ్ దారిస్ అనే నీటి కాలువ చూశాను. కొండల కింది నీటిని వాలు ఆధారంగా తోటలకు తెచ్చే పురాతన ఏర్పాటును అక్కడ ఫలజ్ అంటారు. నీటిని గంటల లెక్కన పంచుకొంటారు. వరద వచ్చి కాలువ తెగితే ఆ నష్టం ఏ ఒక్కరిదీ కాదు, వాటా ఉన్నవారందరిదీ. కనుకనే ఎన్నిసార్లు తెగినా మళ్ళీ పారింది. ఆ దేశ చరిత్రా అటువంటిదే. 1507లో మస్కట్‌ను పట్టుకొన్న పోర్చుగీసువారిని 1650లో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ వెళ్ళగొట్టాడు. ఓడిన రేవులోనే ఒమానీలు నౌకాబలం పెంచుకొని, 1698లో మొంబాసా కోటను కూడా గెలుచుకొన్నారు. ఒమాన్ ఫలజ్‌లను, మన పోర్టు లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో ఒకే సంవత్సరం, 2006లో, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది నాకు మంచి శకునంగా తోచింది.

పని మారడానికి పాత యజమాని అనుమతి పత్రం కావాలనే నిబంధనను ఒమాన్ 2021 జనవరి 1 నుండి తొలగించింది. ఒప్పందం ముగిసినవారు ఇప్పుడు మరొక చోట చేరవచ్చు. నాకది ఆలస్యంగా వచ్చింది, ఇతరులకు సకాలంలో వచ్చింది. అందుకు సంతోషమే.

కష్టం తనంతట తానే మనిషిని గట్టిపరచదు. కష్టంలో నలిగి పోయినవారు ఎందరో ఉన్నారు. వారిని బలహీనులనే హక్కు మనకు లేదు. పడ్డ సంగతి ఒప్పుకోవడం, తోటివారికి చెప్పడం, ఆ గుంటలో మరొకరు పడకుండా చూడడం, ఈ మూడింటి వలననే బలం వస్తుంది.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో మన వలసదారుల రికార్డులు, ఫోటోలు ఉన్నాయి. మీ పెద్దల కాగితాలు వెదకండి. గెలిచిన కథలతో పాటు ఓడిన కథలు కూడా పిల్లలకు చెప్పండి. ముందుగా నా కథ నేను చెప్పాను.