సరటోపాఖ్యానం

మొన్న ఆదివారం ఉదయం అమెరికా నుండి మా మనవడు ఫోను చేసి నన్నొక చిక్కులో పడేశాడు. వాడికి పన్నెండేళ్ళు. పుట్టినరోజుకు ఒక ఊసరవెల్లిని కొనిపెట్టేందుకు వాళ్ళ నాన్నను ఎలాగో ఒప్పించాడట. అమ్మేవారు పంపిన మూడు ఫొటోలు నాకు చూపించాడు. మొదటిదానికి ఎర్రని ఒంటిమీద నీలిచారలు. రెండవది మొత్తం నీలపచ్చ. మూడవది లేత ఆకుపచ్చ, చూడడానికి సాదాసీదాగా ఉంది. "తాతయ్యా, నువ్వు తెలుగు టీచరువి కదా, రంగుల గురించి బోలెడు పద్యాలు చెప్తావు. వీటిలో ఏది తీసుకోమంటావు?" అన్నాడు.

వారం రోజులు గడువు అడిగాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఊసరవెల్లి అంటే ఒక ఉపమానం మాత్రమే. మాట నిలకడ లేనివాడిని దానితో పోల్చాలని పిల్లలకు చెప్పాను, సొంతవాక్యాలు వ్రాయించాను, మార్కులు వేశాను. ఆ ప్రాణి ఏమి తింటుందో, ఎందుకు రంగు మారుస్తుందో ఒక్క విద్యార్థీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఈ వారంలో తెలుసుకున్నది చదువరులతో పంచుకోవాలనిపించింది.

ముందుగా మన సంగతి. సంస్కృతంలో దీనిని సరటమనీ కృకలాసమనీ అంటారు. కృకలాసానికి తొండ అని కొందరు, ఊసరవెల్లి అని కొందరు అర్థం చెబుతారు. తెలుగు సామెత ఈ రెంటినీ ఒకే వంశంలో కలిపేసింది: తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు. భాగవతం దశమస్కంధంలో నృగమహారాజు కథ పెద్దలకు తెలిసినదే. ఒకరికి దానమిచ్చిన ఆవు తప్పించుకొని వచ్చి తన మందలో కలిసింది. తెలియక రాజు దానిని వేరొకరికి దానమిచ్చాడు. ఆ దోషానికి కృకలాసమై పాడుబావిలో పడి ఉన్నాడు. చివరకు కృష్ణుని కరస్పర్శతో విముక్తి పొందాడు. ఈ కథలో ఆ జన్మ ఒక శిక్ష, సామెతలో అది ఒక నింద. రెండు చోట్లా ఆ ప్రాణికి తన బ్రతుకంటూ ఏమీ లేదు.

పాశ్చాత్యుల సంగతి ఇంతకన్న ఏమంత మెరుగు కాదు. గ్రీకులు దానిని నేలసింహమన్నారు. నేటి ఇంగ్లీషు పేరు ఆ మాట నుండే వచ్చింది. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ దాని కళ్ళను, పాదాలను, తోకను ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. ఒళ్ళు గాలితో ఉబ్బినపుడు రంగు మారుతుందని వ్రాశాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తరువాత రోమను పండితుడు ప్లీనీ, అది అన్నపానాలు లేకుండా గాలి భోంచేసి బ్రతుకుతుందనీ, దగ్గరున్న వస్తువు రంగును తెచ్చుకుంటుందనీ వ్రాశాడు. చూసి వ్రాసినవాడి మాట వెనకబడింది. విని వ్రాసినవాడి మాట పదహారు వందల ఏళ్ళు చెల్లుబాటయింది. మన పండితలోకంలోనూ ఇటువంటివి కద్దు కనుక నాకు పెద్దగా ఆశ్చర్యం కలుగలేదు.

ఆ గాలిభోజనం కథకు పారిస్ నగరంలో కాలం చెల్లింది. 1669లో క్లోద్ పెరో అనే వైద్యుడు ఊసరవెల్లి శరీరనిర్మాణాన్ని వివరిస్తూ ఒక రచన ప్రకటించాడు. కానీ నా మనసును పట్టుకున్నది ఆయన కాదు, అదే నగరంలోని ఒక నవలా రచయిత్రి. ఆమె పేరు మదలెన్ ద స్కూదెరీ. 1607లో జన్మించింది. పదేసి సంపుటాల నవలలు వ్రాసి యూరపంతా చదివించిన విదుషి. 1672లో ఈజిప్టు నుండి ఆమెకు ఊసరవెల్లులు కానుకగా వచ్చాయి. అప్పటికి ఆమెకు దాదాపు అరవై అయిదేళ్ళు, అంటే ఇంచుమించు నా వయస్సు. ఆ వయస్సులో ఆమె వాటిని ఇంట్లో పెట్టుకొని, పారిస్ చలి నుండి కాపాడుతూ, అవి ఏ వేళ ఏ రంగులో ఉన్నాయో, ఎవరిని చూసి ఎలా ప్రవర్తించాయో గమనిస్తూ వచ్చింది. 1688లో ఆ రెండు ఊసరవెల్లుల చరిత్రను అచ్చువేయించింది.

ఇందులో విశేషమేమిటంటే, అది జంతువులను ప్రాణమున్న గడియారాలుగా భావించే కాలం. వాటికి నొప్పి, ఇష్టం అనేవి ఉండవనీ, అవి కేవలం యంత్రాలనీ డెకార్ట్ అనుయాయులు వాదిస్తున్నారు. స్కూదెరీ ఆ వాదానికి తలవంచలేదు. పెద్ద పెద్ద పండితుల సిద్ధాంతం ఒక వైపు, తన ఒడిలో వెచ్చదనం కోసం ముడుచుకునే చిన్నప్రాణి మరొక వైపు. ఆమె తన కళ్ళను నమ్మింది.

రంగు ఎలా మారుతుందనే ప్రశ్నకు స్పష్టమైన సమాధానం రావడానికి ఆ తరువాత మూడు వందల ఏళ్ళకు పైగా పట్టింది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు, మా మనవడు ముచ్చటపడిన జాతినే పరీక్షించారు. దానిని పాంథర్ కెమీలియన్ అంటారు. మడగాస్కర్ దీవి దాని పుట్టిల్లు. దాని చర్మంలోని ఒక జాతి కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలు బారులు తీరి ఉంటాయి. ప్రాణి నెమ్మదిగా ఉన్నపుడు ఆ స్ఫటికాలు దగ్గరదగ్గరగా ఉండి నీలికాంతిని వెనక్కు పంపుతాయి. పైనున్న పసుపు వర్ణకంతో కలిసి అది మనకు ఆకుపచ్చగా కనబడుతుంది. పోటీ మగదో, ఆడదో ఎదురై ప్రాణి ఉద్రేకపడగానే స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు పసుపు, నారింజ, ఎరుపు రంగులు పైకి వస్తాయి. ఇదంతా కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అది రంగు మార్చేది మోసానికి కాదు. కోపం వస్తే కోపం, భయం వేస్తే భయం, చలి వేస్తే చలి ఒంటిమీద వ్రాసి చూపిస్తుంది. మనసులో ఉన్నది దాచుకోలేని ప్రాణిని పట్టుకొని మనం కపటానికి ఉపమానం చేశాము.

మనవడి మూడు ఫొటోల వద్దకు వద్దాం. ఎర్రని ఒంటిదాని పేరు అంబిలోబే, నీలపచ్చదాని పేరు నోసీ బే. అవి మడగాస్కర్ ఉత్తరభాగంలోని ప్రదేశాల పేర్లు. ఒక్కొక్క ప్రాంతంలో మగవాటి వన్నె ఒక్కొక్క తీరు. అదే 2015లో అదే విశ్వవిద్యాలయం వారు వాటి డి.ఎన్.ఎ. పరిశీలించి, ఒకే జాతి అనుకుంటున్న ఇవి నిజానికి పదకొండు జాతులు కావచ్చునన్నారు. మనవడు చూసినవి అమెరికాలోనే గ్రుడ్లు పొదిగి పుట్టినవి. అయినా ఎన్నడూ చూడని ఊరిపేరు మోస్తున్నాయి. మా ఇంటిపేరు కూడా ఒక ఊరిపేరే. ఆ ఊరు నేను చూడలేదు, మా మనవడికి అది ఏ జిల్లాలో ఉందో కూడా తెలియదు. ఈ మాట చెబితే వాడు తెగ సంబరపడ్డాడు.

ఆ పేర్ల వెనుక సంబరపడరాని చరిత్ర కూడా ఉంది. మడగాస్కర్ అడవుల నుండి వీటిని పట్టి విదేశాలకు ఎగుమతి చేసేవారు. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. 1977లో ఊసరవెల్లులు దాని పట్టికలో చేరాయి. 1995లో మడగాస్కర్ నుండి నాలుగు జాతులు తప్ప మిగిలిన ఊసరవెల్లుల ఎగుమతిని ఆపివేశారు. అనుమతించిన ఆ నాలుగింటిలో ఈ పాంథర్ ఒకటి. హవాయి దీవుల కథ వేరు. 1972లో జంతువుల దుకాణం నడిపే ఒకాయన కెన్యా నుండి కొమ్ముల ఊసరవెల్లులను తెప్పించాడు. ప్రయాణంలో నీరసించిపోయాయని, తేరుకునేందుకు తన పెరటిలో వదిలాడు. అవి తేరుకున్నాయి, పెరడు దాటాయి, నేటికీ ఆ దీవుల్లో ఉన్నాయి. తమవి కాని అడవుల్లో పురుగులను, నత్తలను తింటున్నాయి. మన దేశంలోనైతే ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పట్టి ఇంట్లో పెంచడం నేరం.

వారం తిరిగింది. మనవడు మళ్ళీ ఫోను చేశాడు. నేను పాఠం చెప్పినట్లే చెప్పాను. "నాన్నా, ఆ ఎర్రనిది అందంగా ఉన్న మాట నిజమే. అయితే ఫొటో తీసేటప్పుడు దాని ఎదుట ఇంకో మగదానిని పెట్టారేమో, అద్దం చూపారేమో మనకు తెలియదు. అంత మెరిసిపోతున్నదంటే అది ఉద్రేకంలో ఉండవచ్చు. ఆ మూడవది ప్రశాంతంగా ఉన్నదేమో. ఇంటికి తెచ్చాక నీకు రోజూ కనబడేది ఫొటోలోని రంగు కాదు. ఆ రంగే కావాలని నువ్వు పట్టుబడితే దానిని రోజూ బెదరగొట్టాలి. కనుక రంగు చూసి ఎంచుకోకు. కళ్ళు నిండుగా ఉండి అటూ ఇటూ తిరుగుతున్నాయా, కొమ్మను గట్టిగా పట్టుకుంటున్నదా చూడు."

ఇంకా చెప్పాను. ఒక గూటిలో ఒక్కటే ఉండాలి, రెండవది తోడు కాదు, శత్రువు. గిన్నెలో నీళ్ళు పెడితే సాధారణంగా పట్టించుకోదు. ఆకులమీద పడిన చుక్కలను నాకుతుంది. ఎండకు బదులుగా అతినీలలోహిత దీపం, గాలి ఆడే గూడు, కాల్షియం పొడి అద్దిన పురుగులు కావాలి. ఎత్తుకొని ఆడించే ప్రాణి కాదు. బాగా చూసుకుంటే మగది అయిదారేళ్ళు బ్రతుకుతుంది, అంటే నీవు కాలేజీ మెట్టెక్కే వరకు. ఇవన్నీ చేయగలననుకుంటేనే తెచ్చుకో, లేకుంటే ఫొటో చాలు.

వాడు అన్నీ వ్రాసుకున్నాడు. వ్రాసుకొని, "తాతయ్యా, నువ్వెప్పుడైనా నిజం ఊసరవెల్లిని చూశావా?" అన్నాడు.

చూశాను. నాకు అప్పుడు వాడి వయస్సే. మా ఊరి చెరువుగట్టున తుమ్మచెట్టు మీద ఉంది. అది మనల్ని చూస్తే రక్తం పీల్చేస్తుందని మా బడిపిల్లల్లో ఒక నమ్మకం. అయిదుగురం కలిసి రాళ్ళు తీసుకున్నాము. అది పరుగెత్తలేదు, దానికి పరుగు రాదు. కొమ్మను పట్టుకొని ఒక్కొక్క అడుగే వేస్తూ వెళ్ళింది. నా రాయి కూడా తగిలింది. ఈ సంగతి యాభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని కూడా అనుకోలేదు. వాడికి చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. తరువాత నెమ్మదిగా అడిగాడు, "అప్పుడు దాని రంగేమిటి తాతయ్యా?"

మొదట ఆకుపచ్చ. క్రిందపడేసరికి నల్లగా ఉంది.