రెండు టవర్ల మధ్య దూలం



పెంకుటింట్లో రెండు గోడలను కలుపుతూ అడ్డదూలం ఎందుకు వేస్తారో మీకు తెలుసు. కప్పు బరువు వాసాల మీదుగా దిగి గోడలను వెలుపలికి నెడుతుంది. దూలం వాటిని పట్టి ఉంచుతుంది. వేగంగా నడిచే కొన్ని కార్లలో బానెట్ కింద కూడా ఇలాంటి దూలమే ఉంటుంది. దాన్ని స్ట్రట్ బ్రేస్ అంటారు. దాని అవసరం ఎలా వచ్చిందో ఈరోజు చెప్పుకుందాం.

తొలినాటి కార్లకు అడుగున నిచ్చెన లాంటి ఇనుప చట్రం ఉండేది. ఎడ్లబండి మీద గూడు కట్టినట్టు దాని మీద బాడీ కూర్చోబెట్టేవారు. నిచ్చెనను రెండు చివరలా పట్టి మెలిపెడితే మెలి తిరుగుతుంది. ఆ చట్రమూ అంతే. 1922లో ఇటలీకి చెందిన లాన్షియా సంస్థ తన లాంబ్డా కారులో చట్రాన్నీ బాడీనీ ఒకే కట్టుగా చేసి చూపింది. 1934లో ఫ్రాన్సులో సిట్రోయెన్ కూడా ఆ దారి పట్టింది. అప్పటి నుంచి రేకు పెట్టెే కారుకు ఎముకల గూడు అయింది.

తరువాతి మార్పు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరుది. స్ప్రింగునూ షాక్ అబ్జార్బరునూ కలిపి ఒకే నిలువు కాలుగా ఆయన అమర్చాడు. దాన్నే స్ట్రట్ అంటారు. 1950లో ఇంగ్లండులో చూపిన ఫోర్డ్ కాన్సల్ కారుకు అది వచ్చింది. 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకూ ఇదే పద్ధతి. చవక, తేలిక, చోటు కలిసివస్తుంది.

చిక్కు ఎక్కడుందంటే, స్ట్రట్ పైకొన రేకుతో చేసిన టవరుకు బిగించి ఉంటుంది. రెండు టవర్ల మధ్య ఇంజను కోసం వదిలిన ఖాళీ మూత లేని పెట్టె లాంటిది. బానెట్ తెరుచుకునే తలుపే కాని, బలమిచ్చే మూత కాదు. మలుపులో వేగంగా తిరిగినప్పుడు టవర్లు పక్కకు కొద్దిగా కదులుతాయి. వాటితో పాటు చక్రం వాలు మారుతుంది. టైరు నేలను పట్టే తీరు మారుతుంది. టవర్లను కడ్డీతో కలిపితే ఒకదాని మీది తోపును రెండోది కూడా పంచుకుంటుంది.

అమెరికాలో 1965 నాటి షెల్బీ జీటీ 350 ఇందుకు మంచి ఉదాహరణ. అది ఫోర్డ్ మస్టాంగ్ నుంచి తయారైన కారు. దానిలో ఉన్నది మెక్‌ఫర్సన్ పద్ధతి కాకపోయినా, స్ప్రింగు బరువు టవర్ల మీదే పడేది. అందుకే టవరుకూ టవరుకూ ఒక కడ్డీ వేశారు. దాని పేరు మాంటీకార్లో బార్. రెండు టవర్ల నుంచి ఇంజను వెనుక ఉన్న రేకు గోడకు మరో బిగింపు వేశారు. మొత్తం మీద త్రికోణం ఏర్పడింది. నాలుగు పుల్లల చదరాన్ని నొక్కితే ఒరుగుతుంది, మూడు పుల్లల త్రికోణం ఒరగదు. బడిలో పిల్లలు చేసి చూసే ఈ పాఠమే అక్కడ పనిచేసింది.

ఇప్పుడు బజారులో ఈ కడ్డీలు మెరుస్తూ దొరుకుతున్నాయి. కొనబోయే యువకులు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇది ఇంజనుకు బలం పెంచదు. కట్టు ముందే గట్టిగా ఉన్న కారులో తేడా తెలియకపోవచ్చు. చివరల్లో కీలు వదులుగా ఉన్న కడ్డీ అలంకారమే. తుప్పు పట్టిన టవరును ఏ కడ్డీ కాపాడలేదు. ముందు గోడ బాగుందో లేదో చూడండి, దూలం సంగతి తరువాత.