అశ్వసేవయందలి ధర్మము



బ్రహ్మోత్సవములలో స్వామివారు అశ్వవాహనారూఢులై వీథులలో ఊరేగునప్పుడు మనమందరము చేతులు జోడించి నిలుతుము. తిరుమలలో ఈ సేవ ఎనిమిదవనాటి రాత్రి జరుగును. మనకు చేరువనున్న ద్వారకాతిరుమలలో వైశాఖమునందొకసారి, ఆశ్వయుజమునందొకసారి, ఏటేట రెండు పర్యాయములు బ్రహ్మోత్సవములు జరుగుచున్నవి. జంగారెడ్డిగూడెము నుండి బండ్లు కట్టుకొని ఆ ఉత్సవములకు వెళ్ళిన పెద్దలను నేనెరుగుదును. ఆ బండ్లను లాగినవి ఎద్దులే గాని గుర్రములు కావు. ఒకనాడు వాహనమును చూచుచున్న చిన్నవాడొకడు నా ఉత్తరీయము పట్టి లాగి, “తాతగారూ, మన ఊళ్ళో గుర్రాలే లేవు గదా, మరి స్వామికి గుర్రం ఎక్కడినుంచి వచ్చింది?” అని అడిగెను. ప్రశ్న చిన్నదే. దానికి సమాధానము చెప్పవలెనన్నచో పురాణమును, చరిత్రను రెంటిని తడవవలసి వచ్చినది. నేటి ప్రసంగము ఆ బాలునికి నేను చెప్పిన సమాధానమే.

గుర్రము మన సీమలో సహజముగా వృద్ధిపొందిన జంతువు కాదు. ఉత్తమాశ్వములు కాంభోజము, సింధుదేశము, ఆరట్టము, వనాయువు అను దేశములందు పుట్టునని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. ఇవన్నియు వాయవ్యదిక్కున, పొడిగాలి వీచు దేశములు. సింధుదేశమునుండి వచ్చినది గనుకనే గుర్రమునకు సైంధవమను పేరు కలిగినది. అట్టి జంతువును తెచ్చి, ఉక్కపోతయు వానబురదయు గల మన ప్రాంతములలో బ్రతికించవలెనన్నచో ధనమొక్కటియే చాలదు. శాస్త్రము కావలెను, ఓర్పు కావలెను, అన్నింటికంటె మిన్నగా దయ కావలెను.

ఆ దయ ఎట్టిదో భగవంతుడే ఆచరించి చూపెను. మహాభారతమున ద్రోణపర్వమును స్మరింపుడు. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింతునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన దినమది. క్షణమొక యుగముగా నున్నది. రథాశ్వములు బాణములు గ్రుచ్చుకొని, దప్పిగొని, అలసి అడుగు వేయలేకున్నవి. మరొక సారథియైనచో కొరడా ఝళిపించి యుండును. శ్రీకృష్ణుడు అట్లు చేయలేదు. గుర్రములను విప్పి విశ్రాంతి నీయవలెనని అర్జునుడు చెప్పగా తన అభిమతమును అదియే యని సమ్మతించెను. అర్జునుడు రథము దిగి నేలపై నిలిచి శత్రువులను అడ్డగించెను. అస్త్రముతో భూమిని భేదించి సరస్సు కల్పించెను. బాణములతో ఒక గృహము నిర్మించెను. ఆ నీడలో జగన్నాథుడు గుర్రములను విప్పి, వాని దేహములలోని ములుకులను తన చేతులతో పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, స్నానము చేయించి, మేత పెట్టి, బడలిక తీరిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. వ్యాసభగవానుడు ఆయనను అశ్వకర్మయందు కుశలుడని వర్ణించెను. గీతను బోధించిన నోటిని మనము పూజింతుము. గుర్రము గాయమును కడిగిన చేతిని కూడ పూజింపవలెను గదా!

ఇట్టి దృష్టాంతములు భారతమున మరికొన్ని కలవు. నలమహారాజు బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని అశ్వశాలయందు కొలువు చేసెను. విదర్భకు పోవలసివచ్చినపుడు ఆయన ఏరిన గుర్రములు బక్కచిక్కి యుండుట చూచి ఋతుపర్ణుడు సందేహించెను. పైకి కనబడు కండను గాక, అశ్వముల లక్షణమును, శక్తిని ఎరిగినవాడు నలుడు. కుండినపురము చేరిన వెంటనే ఆయన తన బడలికను తలపక, గుర్రములను విప్పి శాస్త్రవిధిగా ఉపచరించి, ఆ పిమ్మటనే కూర్చుండెను. ఈ కథను తెలుగున చెప్పినవాడు నన్నయభట్టారకుడు. అది మన గోదావరితీరమున, రాజమహేంద్రవరమున, రాజరాజనరేంద్రుని కొలువున జరిగినది. ఇక విరాటపర్వమున నకులుడు దామగ్రంథియను పేర విరటుని గుర్రములను కాచుట తిక్కన సోమయాజి ద్వారా మనకందరకును తెలిసినదే. రాజపుత్రులు ఈ పనిని తక్కువ పనిగా తలపలేదు.

శాస్త్రమునకు మూలపురుషుడు శాలిహోత్ర మహర్షి. ఉత్తరదేశమున అశ్వవైద్యుని సాలోత్రి యను వాడుక ఆయన పేరునుండియే వచ్చినది. నకులుని పేర ఒక అశ్వశాస్త్రము, జయదత్తుని అశ్వవైద్యకము ప్రసిద్ధములు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను పద్యకావ్యము రచించెను. కౌటిల్యుడు అశ్వాధ్యక్షుని విధులను ఒక ప్రకరణమున వివరించెను. ప్రతి గుర్రమునకును దాని వయస్సు, వర్ణము, గుర్తులు, జాతి, వచ్చిన చోటు వ్రాసి యుంచవలెను. ఈనిన గుర్రమునకు మూడు రాత్రులు నేయి త్రాగింపవలెను. తరువాత పది రాత్రులు పిండియు, నూనెతో కలిపిన మందును ఈయవలెను. పిల్లకు పదిదినముల పిమ్మట పిండి, నేయి, పాలు ఆరు మాసముల వరకు ఈయవలెను. నాలుగేండ్లు గాని ఐదేండ్లు గాని నిండనిదే దానిని పనికి పూన్పరాదు. చికిత్సలో అశ్రద్ధ చేత రోగము ముదిరినచో ఖర్చునకు రెట్టింపు దండుగ. వికటించినచో గుర్రము వెలయే దండుగ. ఆశ్వయుజ నవమినాడు గుర్రములకు నీరాజనమీయవలెనని కూడ ఆ ప్రకరణముననే యున్నది. దాణాలెక్కయు హారతియు ఒకేచోట చెప్పబడినవి. పోషణములేని పూజ పూర్వులకు తెలియదు.

ఇక చరిత్రకు వత్తము. కాకతీయుల కాలపు శాసనములలో సాహిణి యను బిరుదు కనబడును. గుర్రములపై అధికారి యని దానికర్థము. గణపతిదేవ చక్రవర్తి కొలువునందలి గంగయసాహిణి అట్టి ప్రముఖుడు. ఆ కాలమున మేలుజాతి గుర్రములు సముద్రము మీద ఓడలలో వచ్చుచుండెను. 13వ శతాబ్దపు చివరి దశకమున మార్కోపోలో అను వెనిసు నగర యాత్రికుడు దక్షిణదేశమునకు వచ్చెను. మోటుపల్లి సీమను పాలించిన రాణిని ఆయన ప్రశంసించెను. ఆమె రుద్రమదేవియే యని చరిత్రకారుల అభిప్రాయము. మనకు దక్షిణముననున్న పాండ్యదేశమును గూర్చి ఆయన వ్రాసిన సంగతి వినదగినది. అచ్చటి రాజు ఏటేట రెండువేలకు పైగా గుర్రములను హోర్ముజు, ఏడెను మొదలగు రేవుల వర్తకుల వద్ద కొనుచుండెనట. ఆయన సోదరులు నలువురును అట్లే కొనుచుండిరట. సంవత్సరాంతమునకు వానిలో నూరైనను మిగులవట! కారణము పోషణ తెలియకపోవుట. వండిన అన్నమును మాంసమును మేపుచుండిరట. నాడాలు కొట్టి వైద్యము చేయువారు లేరు. అట్టివారు ఆ దేశమునకు పోకుండ వర్తకులే అడ్డుపడుచుండిరట, గుర్రములు చచ్చినకొలది బేరము పెరుగును గనుక. లెక్కలో యాత్రికుని అతిశయోక్తి కొంత ఉండవచ్చును. అయినను అందలి హెచ్చరిక నిజమైనది. బంగారము పోసి ప్రాణిని కొనవచ్చును గాని ప్రాణమును నిలుపుట కొనుటవలన రాదు.

అన్నము పెట్టిన గుర్రమేల చచ్చునని మీరడుగవచ్చును. ఆవునకు నాలుగు అరల పొట్ట, మేసినదానిని నెమరువేయును. గుర్రమునకు ఒక్కటే పొట్ట, అదియు దేహమునుబట్టి చూడగా మిక్కిలి చిన్నది. పైగా గుర్రము వాంతి చేసికొనలేదు. లోపలికి పోయిన దోషము వెలుపలికి వచ్చుటకు దారి లేదు. వండిన ధాన్యము ఎక్కువైనచో అది ప్రేవులలో పులిసి శూల పుట్టించును. గిట్టలలోనికి వాపు దిగి నడక పోవును. అందుచేత ఎండుగడ్డియే ప్రధానముగా, కొంచెము కొంచెముగా, పలుమార్లు మేపవలెను. ఉలవల దాణా మితముగా పెట్టవలెను. దినమునకు పాతిక మొదలు నలువది లీటర్ల వరకు మంచినీరు కావలెను. గిట్టలను దినదినము శుభ్రపరచి, ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి చెక్కించవలెను. బురదలో నిలిచిన గిట్ట కుళ్ళును. జోరీగలను దరిజేరనీయరాదు. అవి కుట్టుటవలన వ్యాపించు సుర్రా యను ప్రాణాంతకవ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఈవాన్సు అను పశువైద్యుడు 1880లో నాటి అవిభక్త భారతమున గుర్రముల, ఒంటెల రక్తములోనే కనుగొనెను.

విజయనగర ప్రభువులకు గుర్రముల విలువ బాగుగా తెలియును. సాళువ నరసింహరాయలు వర్తకులను ఆకర్షించుటకై, దారిలో చచ్చిన గుర్రములకు కూడ వెల చెల్లించెననియు, సముద్రముపై చచ్చినదాని తోక తెచ్చి చూపిన చాలుననియు నూనిజు అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. విజయనగర రాజు ఏటా పదమూడువేల గుర్రములను కొనునని కూడ ఆయన చెప్పెను. రాజముద్ర వేసిన గుర్రము చచ్చినచో రౌతు ఆ ముద్రగల చర్మపు ముక్కను అశ్వాధికారికి అప్పగించినగాని మరొక గుర్రమును పొందలేడు. శ్రీకృష్ణదేవరాయల కాలమున విజయనగరమును చూచిన పేసు అను మరొక పోర్చుగీసువాడు, మహర్నవమి ఉత్సవములలో బ్రాహ్మణులు కొబ్బరికాయలు, అక్షతలు, పువ్వులు చేతబూని గుర్రములను పూజించుటను వర్ణించెను. కౌటిల్యుడు చెప్పిన నవమి నీరాజనము వంటి ఆచారమే అన్ని శతాబ్దముల తరువాత తుంగభద్రాతీరమున నిలిచి యుండెనన్నమాట.

ఇప్పుడు నా చిన్ననాటి తప్పునొకదానిని మీకు విన్నవింతును. వేదపాఠశాలలో చదువుకొను దినములలో ఏలూరు రైలుస్టేషను వద్ద జట్కాబండ్లు బారులుగా నిలిచియుండెడివి. ఒక ముసలి సాయిబుగారు తన బండి ప్రక్కనే ఒక గ్రుడ్డిగుర్రమును కట్టి, ఉడికించిన ఉలవలు దోసిట పట్టి తినిపించుచుండెను. బండి లాగునది వేరొక గుర్రము. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని నేను తోడి విద్యార్థులతో నవ్వితిని. ఆయన కోపగించుకొనలేదు. “బాబుగారూ, కళ్ళున్నన్నాళ్ళూ ఇది నా పిల్లలకు అన్నం పెట్టింది. ఇప్పుడు పెట్టడం నా వంతు” అనెను. తరువాత కొన్నేండ్లకు అర్థశాస్త్రము చదువుచుండగా, యుద్ధముచేత, వ్యాధిచేత, ముసలితనముచేత క్షీణించిన గుర్రములకు కూడ గ్రాసమీయవలెనను విధి కనబడినది. చదువుకున్న నేను నవ్వితిని. చదువని ఆయన శాస్త్రమును ఆచరించెను. ఆనాటి సిగ్గు నన్ను నేటికిని విడువలేదు.

నేడు జట్కాలు పోయినవి. అయినను పెండ్లి ఊరేగింపులకు, తీర్థయాత్రల కొండదారులకు, సముద్రతీర వినోదములకు గుర్రములను పూన్చుచునే యున్నారు. 1965లో మన ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము బరువు లాగు, మోయు పశువులచేత దినమునకు తొమ్మిది గంటలకు మించి గాని, విశ్రాంతి లేక ఐదు గంటలకు మించి గాని పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట్ల మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు గంటల వరకు పని చేయింపరాదు. ముళ్ళకళ్ళెములు నిషిద్ధములు. పెండ్లికి గుర్రమును కుదుర్చుకొనువారు ముందుగా దాని గిట్టలను, వీపుపై పుండ్లను చూడవలెను. నీరు పెట్టిరా యని అడుగవలెను. బాణసంచా దాని చెవిచెంత కాల్పరాదు.

గుర్రము మన ఇండ్లలో లేదు గనుక దానితో మనకు పని లేదని తలపకుడు. మన మెట్టసీమలో పొలములకు పోవు రైతులను పాములు కరచుట మీరెరిగినదే. ఆసుపత్రిలో ఎక్కించు విషనివారణౌషధము ఎచ్చటిది? గుర్రములకు సర్పవిషమును స్వల్పమాత్రలలో క్రమముగా ఎక్కించి, వాని రక్తములో పుట్టిన ప్రతిశక్తిని తీసి చేయు మందు అది. మన దేశమున చేయు ఈ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమును అణచును. పామువాత పడి బ్రతికిన ప్రతి రైతు ఒక గుర్రమునకు ఋణపడి యున్నాడు. ఆ గుర్రములకు తగిన మేతయు విశ్రాంతియు వైద్యమును లభింపవలెనని కోరుట మన ధర్మము.

కాన, ఆ బాలునికి నేనిట్లు చెప్పితిని: “నాయనా, స్వామి గుర్రం దూరదేశాలనుంచి ఓడలమీద వచ్చింది. వచ్చినవాటిలో చాలా భాగం చూసేవాళ్ళు లేక పోయాయి. బ్రతికినవి ఎవరో ఒకరు నీళ్ళు పెట్టి, గాయం కడిగి, గిట్ట చూస్తే బ్రతికాయి. మొట్టమొదట అలా చూసినవాడు స్వామే.” వాడు కొంచెముసేపు ఆలోచించి, మరునాడు మా వీథి చివర కాలు విరిగి పడియున్న ముసలి ఎద్దు ఎదుట ఒక బొక్కెన నీరుంచి వచ్చెను. గుర్రము లేని ఊరిలో అశ్వసేవ చేయుట ఎట్లో వాడు నాకంటె ముందుగా గ్రహించెను. ఇక మీదట అశ్వవాహనమునకు మ్రొక్కునపుడు, పార్థసారథి పాణిస్పర్శను తలచుకొని, మన వాకిట నున్న మూగప్రాణికి నీరు పెట్టితిమా లేదా యని మనలను మనము ప్రశ్నించుకొందము గాక.

స్వస్తి.