గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు

ముప్ఫయ్యేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ సామెతను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. ప్రయోజనం ఉన్నా లేకున్నా తప్పని ఖర్చు అని అర్థం చెప్పి, సొంతవాక్యం రాయించి, తరువాతి సామెతకు పోయేవాణ్ణి.

కృష్ణపట్నం వైపు ఒక పల్లె బడిలో ఉండగా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. జట్కా తోలే ఆయన కొడుకు. "అయివారూ, మరి మా గుర్రానికి కళ్ళు పోయినాక మా నాయన దాణా ఎందుకు నిలిపేశాడు?" అన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. నేను కూర్చోమన్నాను.

ఆ గుర్రం నేనెరిగినదే. తెల్లనిది. మామూలు రోజుల్లో బండి లాగేది. పెళ్ళిళ్ళ కాలంలో నుదుట కుచ్చు, వీపున జరీగుడ్డ, మెడలో మువ్వలు. మేళం ఆగిన ప్రతి కూడలిలో ముంగాళ్ళెత్తి ఆడేది. దాని ఆట చూడడానికే జనం వాకిళ్ళలోకి వచ్చేవారు. ఆటోలు వచ్చాక బండి మూలబడింది. కంట్లో పువ్వులు పడ్డాక ఊరేగింపుకు పిలిచేవారు లేకపోయారు. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో వదిలేసి వచ్చారు. నేనూ ఒకసారి చూశాను. ఇసుకలో మూతి ఆనించి నిలబడి ఉంది. జాలిపడ్డాను, బస్సుకు వేళవుతున్నదని వచ్చేశాను.

పదవీ విరమణ తరువాత తీరికగా కౌటిలీయం చదువుతుంటే ఆ పిల్లవాడి ప్రశ్న మళ్ళీ ఎదురయింది. ఈ గ్రంథాన్ని మైసూరులో శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించి లోకానికి అందించారు. అందులో అశ్వాధ్యక్షుడి ప్రకరణం ఒకటుంది. కొన్న గుర్రం, కానుకగా వచ్చినది, యుద్ధంలో చిక్కినది, శాలలోనే పుట్టినది అంటూ ప్రతిదానికీ పద్దు రాయాలి. జాతి, వయసు, రంగు, గుర్తులు నమోదు చేయాలి. ఈనిన ఆడగుర్రానికి మూడు రాత్రులు నెయ్యి తాగించాలి. ఆశ్వయుజంలో తొమ్మిదో నాడు గుర్రాలకు నీరాజనం ఇవ్వాలి. ఇదంతా వైభవం; రాజుల గ్రంథంలో ఉండవలసిందే. నన్ను ఆపినది వేరొక వాక్యం. యుద్ధం వల్లగాని, రోగం వల్లగాని, ముసలితనం వల్లగాని పనికి చాలని గుర్రాలకు తిండి పెట్టి పోషించాలన్నాడు. యుద్ధానికి పనికిరాని మగగుర్రాలను పౌరజానపదుల ఆడగుర్రాలపై సంతానానికి వినియోగించమన్నాడు. చికిత్సలో అశ్రద్ధ వల్ల రోగం ముదిరితే వైద్యపు ఖర్చుకు రెట్టింపు దండుగ. గుర్రం చనిపోతే దాని వెల మొత్తం.

ఇంచుమించు రెండువేల యేళ్ళనాటి మాట ఇది. కౌటిల్యుడు కరుణామయుడని నేను అనబోను. కరుణతో రాసేవాడైతే ఖర్చు లెక్క రాయడు. దాణాను జాలి మీద వదలక పద్దులో చేర్చాడు, అంతే. నాకు ఆ పద్దే ఎక్కువ నచ్చింది.

ఇక మన తీరానికి వద్దాం. 13వ శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. అందులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరటుని గుర్రపుశాలలో చేరతాడు. గుర్రాల స్వభావం, శిక్షణ, చికిత్స తెలిసినవాడినని చెప్పుకొనే చేరతాడు. అదే శతాబ్దం చివర ఈ తీరం మీదుగా వెళ్ళిన మార్కోపోలో మోటుపల్లి గురించీ రాశాడు, దానికి దక్షిణాన ఉన్న మాబారు, అంటే పాండ్యుల సీమ, గురించీ రాశాడు. మాబారు రాజు ఏటేటా రెండువేలకు పైగా గుర్రాలు కొనేవాడట. ఏడాది తిరిగేసరికి వంద మిగలవట. సాకడం తెలిసినవారు లేరు. గుర్రాలు చచ్చినకొద్దీ బేరం పెరుగుతుంది గనుక గుర్రపు వైద్యులను వర్తకులు అక్కడికి రానివ్వరని ఆయన ఆరోపణ. అంటే దామగ్రంథులు ఓడ దిగకుండా కాపలా! పరదేశి మాటల్లో అతిశయం ఉండవచ్చు. కొనడం మీద ఉన్న శ్రద్ధ సాకడం మీద లేదన్నది మాత్రం నమ్మదగినదే.

మరో రెండువందల యేళ్ళకు విజయనగరం. సాళువ నరసింహరాయలు మూడింటికి వెయ్యి వరహాల చొప్పున గుర్రాలు కొనేవాడని, ఓడలో చచ్చిన దానికి తోక తెచ్చి చూపినా బతికినదానితో సమానంగా వెల ఇచ్చేవాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. వర్తకుడు మళ్ళీ రావాలిగదా, అది రాజనీతి. సామెతలోని దాణా కూడా ఆ వ్యాపారపు వాసన ఉన్న మాటే. దాణా, జీను, లగాము, సవారీ అన్నీ పారశీకం నుంచి వచ్చి మన నోట స్థిరపడినవి.

ఇప్పుడు చట్టం సంగతి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు వదిలిపెట్టడం దాని ప్రకారం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టం పెట్టిన జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. కౌటిల్యుడు గుర్రం వెల కట్టమన్నాడు. మనం ఉలవల వెల కూడా కట్టించలేదు.

అయినా జట్కా ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కౌటిల్యుడు ఆ దాణాను రాజు ఖజానాలోంచి పెట్టించాడు. ఈయన ఇంట్లో పిల్లల కంచంలోంచి తీయాలి. ఒక్క రాత్రి బాడుగ ఇచ్చి దాని ఆట చూసినవాళ్ళం మేమంతా, ఆ బాడుగతో లెక్క తీరిందనుకున్నాం. ఆ రోజు తరగతిలో పిల్లవాడికి ఇంతమాత్రమైనా చెప్పి ఉండవలసింది.

మొన్న మాఘమాసంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఊరేగింపుకు తెల్లగుర్రం తెచ్చారు. వయసెంతని అడిగితే కుర్రవాడు దాని పెదవి ఎత్తి పళ్ళు చూపించాడు.

"ఇంకా నాలుగైదేండ్లు బాగా ఆడతాది సామీ."

"ఆ తరువాత?"

బ్యాండువాళ్ళు మొదలుపెట్టారు. అతను కళ్ళెం పట్టుకొని ముందుకు నడిచాడు.