ఒకే పంపకం, రెండు బల్లలు: పేకాటలో జట్టు పోటీల చరిత్ర

పేకాటలో గెలుపు ముక్కల పంపకం వల్ల వస్తుందా, ఆడేవారి నేర్పు వల్ల వస్తుందా అన్న వాదం చాలా పాతదే అయినా, దానిని పరీక్షకు పెట్టి తేల్చవచ్చునన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దం నడిమికి గాని ఆచరణలోకి రాలేదు. ఇద్దరిద్దరు జతకట్టి నలుగురు ఆడే విస్ట్ అనే ఆట ఇంగ్లండు క్లబ్బులను ఏలుతున్న ఆ రోజులలో, తరువాత 'కావెండిష్' అన్న కలంపేరుతో ప్రసిద్ధుడైన హెన్రీ జోన్స్ 1857లో లండనులో ఒక ప్రయోగం జరిపించాడు. ఆరితేరిన నలుగురిని ఒక పక్షంగానూ సామాన్యులైన నలుగురిని మరో పక్షంగానూ తీసుకుని, రెండు బల్లల వద్దా ఒకే పంపకాన్ని ఆడించి, మొదటి బల్ల వద్ద నేర్పరులకు వచ్చిన ముక్కలే రెండో బల్ల వద్ద సామాన్యులకు అందేటట్లు చూశాడు. నేర్పరులే గెలిచారు. పేకాటలోకి జట్టు పద్ధతి వచ్చింది స్నేహబంధం కోసం కాదు, అదృష్టాన్ని లెక్కలోంచి తీసివేయడం కోసమని ఈ పుట్టుకను బట్టే తెలుస్తుంది.

డూప్లికేట్ అని పేరుపడిన ఈ పద్ధతి విస్ట్ నుండి, అదే తరహా ఆట అయిన బ్రిడ్జికి సంక్రమించింది. నాలుగు దిక్కులకు నాలుగు అరలున్న ఒక పలక దీనికి ముఖ్య పరికరం. ఆటగాడు తన ముక్కను బల్ల నడుమ పడవేయక తన ముందే ఉంచుకుని, నలుగురి ముక్కలతో అయ్యే ఆ ఎత్తును తన పక్షం గెలిస్తే నిలువుగానూ ఓడితే అడ్డంగానూ పెట్టి, చివరకు పదమూడు ముక్కలనూ తన అరలోనే దోపుతాడు. అలా చెక్కుచెదరని పంపకం రెండో బల్లకు చేరుతుంది. 1930లో లండనులోని ఆల్మాక్స్ క్లబ్బులో, భార్య జోసెఫిన్ కూడా సభ్యురాలిగా ఉన్న ఈలీ కల్బర్ట్‌సన్ అమెరికన్ జట్టు, వాల్టర్ బుల్లర్ నాయకత్వంలోని ఇంగ్లీషు జట్టును ఈ విధంగానే 200 పంపకాలలో ఎదుర్కొని 4,845 పాయింట్ల ఆధిక్యంతో ఓడించింది.

పోకరుకు ఈ ఏర్పాటు అంత సులువుగా అమరలేదు. అందులో జతగాడు ఉండడు. పందెమే ఆటగాడి భాష. చేతిలోని ముక్కలు చివరిదాకా ఎవరికీ కనబడకుండానే ఆట ముగిసిపోవచ్చు. అయినా దానిని మేధోక్రీడగా గుర్తింపజేయాలన్న పట్టుదలతో 2009లో స్విట్జర్లండులోని లొజాన్‌లో ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడగా, రచయిత ఆంథొనీ హోల్డెన్ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. సమాఖ్య చేపట్టిన పద్ధతిలో ప్రతి బల్ల వద్దా ప్రతి జట్టు నుండి ఒక్కొక్కరే కూర్చుంటారు. ఒకే సంఖ్య గల కుర్చీకి అన్ని బల్లల వద్దా అవే ముక్కలు పడతాయి. జట్టు సభ్యులు మాత్రం బల్లబల్లకూ వేరువేరు కుర్చీలలో ఉంటారు గనుక మంచి ముక్కలూ చెడ్డ ముక్కలూ అన్ని జట్లకూ సమానంగా దక్కుతాయి. 2011లో లండన్ ఐ అనే పెద్ద రంగులరాట్నపు గదులలో జరిపిన తొలి నేషన్స్ కప్పును జర్మనీ గెలుచుకుంది. ఈ కొలత న్యాయమైనదే గాని, ఉన్నదంతా ఒడ్డి ఓడితే లేచి వెళ్లిపోవలసి వస్తుందన్న భయం ఇందులో పలచబడింది; పోకరులో సగం ఆట ఆ భయమేనన్న మాట ఇక్కడ చెప్పక తప్పదు. లాస్ వేగస్‌లోని వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ 2016లో ట్యాగ్ టీమ్ పేరిట ప్రవేశపెట్టిన పోటీ సరిగ్గా ఈ పద్ధతికి ఎదురు దారి పట్టింది: సభ్యులు వంతులవారీగా ఒకే కుర్చీలో కూర్చుని ఒకే రాశి పందెపు బిళ్లలతో ఆడతారు, అదృష్టం జోలికి ఎవరూ పోరు. డగ్ పోక్, రయన్ ఫీ జంట ఆ తొలి పోటీని గెలిచింది.

నేర్పుకూ అదృష్టానికీ మధ్య గీత గీసే ఈ పని భారతదేశంలో ఆటబల్లల వద్ద కన్నా న్యాయస్థానాలలోనే ఎక్కువగా జరిగింది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవలసిన ఆ ఆటలోని అదృష్టం బ్రిడ్జి పంపకంలోని అదృష్టం వంటిదేననీ సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పునిచ్చింది. ఆ తీర్పును ఆసరా చేసుకుని ఎదిగిన ఆన్‌లైన్ పేకాటను, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు ఒడ్డే ఆటలన్నింటితో కలిపి పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించింది.