ప్రయోగశాలలో తీగెల మర్యాద



భౌతికశాస్త్ర ప్రయోగశాల యనగానే పెద్ద యంత్రములును, వానిని నిర్మించిన పండితులును మన మనస్సునకు తోచుదురు. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు వార్తను గొనిపోవు తీగెను తలచువారు అరుదు. ఏ తీగె యెంత పొడవుండవలయును, ఏ కూడలిలో ఏ స్విచ్చి నిలుపవలయును అను యోచన పనివాండ్ర పనిగా నెంచబడుచున్నది. ఆ యోచన ప్రయోగమునకు అంగమే యని చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రను కొంత మనవి చేయుదును.

కొల్లిపరవాడనగుటచే నాకు మొదట కాలువల పోలికయే తోచును. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట తానొక్కటియే చేనికి నీరీయలేదు. పెద్దకాలువ, పిల్లకాలువ, లాకు, తూము, ఇవన్నియు క్రమముగా సమకూడిన పిమ్మటనే డెల్టా పండినది. తెనాలి పట్టణము నడుమ మూడు కాలువలు పాఱుట చూచినవారికి ఈ సంగతి విశదమే. ప్రయోగశాలలో నీటికి బదులు వార్త పాఱును. నీటివలెనే దానికిని దారియు, వేళయు, హద్దును కావలయును. మర్యాద యను పదమునకు హద్దనియే గదా మొదటి యర్థము!

మన పొరుగున కర్ణాటకమునందలి కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు గలవు. ఆ గనులకు 1902లో శివసముద్ర జలపాతమునుండి సుమారు 92 మైళ్ళ తీగెమీద విద్యుత్తు వచ్చెను. 1965లో ఆ గనిలోనే, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, బొంబాయి టాటా పరిశోధన సంస్థవారును, జపానుదేశపు ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారును, ఇంగ్లండునందలి డర్హం విశ్వవిద్యాలయమువారును కలసి, వాయుమండలమున పుట్టిన న్యూట్రినోల జాడను పట్టిరి. అచ్చట కణము తాకినచో మెఱయు పలకలతో రెండు గోడలు నిలిపిరి. రెండు గోడలును ఒక్కమాఱే మెఱసినచో నడుమనున్న నియాన్ గొట్టములకు విద్యుత్తు పోవును, కణము నడచిన దారిలోని గొట్టములు వెలుగును, ఛాయాచిత్రము పడును. 2001లో ఆ గనులు మూతపడినను ఆ కీర్తి మాయలేదు.

ఇచ్చట ‘ఒక్కమాఱు’ అను మాటను గమనింపుడు. సెకనును నూరుకోట్ల భాగములు చేయగా వచ్చు ఒక భాగము నానోసెకను. అంత కాలములో తీగెలోని సంకేతము సుమారు జానెడు దూరము మాత్రమే పోవును. రెండు గోడల తీగెలలో నొకటి పది మీటర్లు ఎక్కువైనచో దాని వార్త 50 నానోసెకనులు ఆలస్యమగును. ఆ యాలస్యమును లెక్కలో జేర్పనిచో నిజముగా కలసి మెఱసినవి వేఱువేఱుగా తోచును. అనగా తీగె వార్తను మోయుటయే గాక కాలమును గూడ కొలుచుచున్నది.

తరువాత యంత్రములు పెరిగినవి. వార్తలు వేలకొలది యైనవి. 1973లో అమెరికాలో పుట్టిన ఈథర్నెట్టు పద్ధతిలో అనేక కంప్యూటర్లు ఒకే తీగెమీద మాటాడెడివి. ఇరువురు ఒక్కమాఱు మాటాడినచో ఇద్దరి మాటయు చెడును. ఆగి మరల చెప్పవలయును. పంతులు లేని తరగతి యెట్లుండునో బడిలో బ్రతికిన నాకు వేఱొకరు చెప్పనక్కరలేదు! 1990లో ‘కల్పన’ యను సంస్కృతనామము గల సంస్థ ఈథర్నెట్టు స్విచ్చిని వెలువరించెను. స్విచ్చి చిరునామా చూచి, ఏ వార్త యెవరిదో వారి తీగెలోనికే విడుచును. ఇది కాలువకు లాకు పెట్టుట వంటిది. అయినను పది కాలువల నీరు ఒక్క తూములోనికి ఒక్కమాఱు మళ్ళించినచో గట్టు తెగును. స్విచ్చిలోను అంతియే, ఒకే ద్వారమునకు అందఱును పంపినచో వార్తలు జాఱిపోవును. కావున ఎవరెప్పుడు పంపవలయునో ముందే నిర్ణయింపవలయును.

ఫ్రాన్సునందలి సెస్సీ గ్రామమున, భూమికి సుమారు నూరు మీటర్ల లోతున సీఎంఎస్ అను ప్రయోగశాల గలదు. అచ్చట కణముల గుంపులు సెకనుకు నాలుగుకోట్లమాఱులు ఎదురుపడును. మొదటి జల్లెడ వానిలో లక్షకు మించనీయదు. ఆ తీర్పునకు మొదటి యేర్పాటులో ఇచ్చిన గడువు 3.2 మైక్రోసెకనులు మాత్రమే. నూరు మీటర్ల తీగెలో పోయి వచ్చుటకే అందొక మైక్రోసెకను వ్యయమగును! తీగె పొడవు తగ్గించినవాడు ఆలోచించుటకు యంత్రమునకు వ్యవధి నిచ్చినవాడు.

తీగెను తక్కువగా జూచిన ఫలమునకు ఒక యుదాహరణము. జినీవా దగ్గరి సెర్న్ నుండి ఇటలీలోని గ్రాన్ సాసో కొండక్రిందికి, 730 కిలోమీటర్లు, న్యూట్రినోలు కాంతికంటె 60 నానోసెకనులు ముందు చేరినవని ఒపేరా ప్రయోగమువారు 2011 సెప్టెంబరులో ప్రకటించిరి. ఐన్‌స్టైను సిద్ధాంతమే కూలినదా యని లోకము తల్లడిల్లెను. 2012 ఫిబ్రవరిలో తేలినదేమి? ఉపగ్రహముల కాలమును గడియారమునకు చేర్చు గాజుతీగె బిగువుగా అమరియుండలేదు. గడియారమునందు మఱియొక లోపమును బయటపడెను. సరిచూడగా న్యూట్రినోలు కాంతిని మీఱలేదు. అయినను ఆ పండితులు తమ లోపమును తామే వెదకి చెప్పుట శ్లాఘనీయము.

కావున క్రొత్తశాల కట్టువారు గోడ లేవకముందే తీగెకు దారి యేర్పఱుపవలయును. ప్రతి తీగెకు రెండు కొసలయందును పేరు వ్రాయవలయును. పొడవు కొలిచి లెక్కపుస్తకమున కెక్కింపవలయును. రేపటికై కొన్ని తీగెలు మిగులుంచవలయును. అతుకులను మాటిమాటికి పరీక్షింపవలయును. అతుకు బిగించు పనివాని పేరు శాస్త్రగ్రంథమున నుండకపోవచ్చును. ఆ గ్రంథము నిజమగుట మాత్రము వాని చేతిలో నున్నది.