ల్యాండ్‌లైన్ బిల్లులో కనపడని రెండు ఐటమ్స్

ఇంటి ఫోను తీసేసి ఇంటర్నెట్ ఫోను పెట్టుకోవడం అనగానే మనవాళ్ళు ముందు వేసే లెక్క నిమిషానికి ఎంత పడుతుంది అని. అందులో తప్పేం లేదు. కాలింగ్ కార్డు వెనక పిన్ను గీకి, అంత పొడుగు నంబరూ నొక్కి, "అమ్మా, వినపడుతోందా?" అనేలోపే సగం కార్డు అయిపోయిన తరం మనకంటే ముందు అమెరికా వెళ్ళింది. వాళ్ళకి ఆ డబ్బా దేవుడిచ్చిన వరమే. కానీ పాత ఫోను బిల్లులో రెండు ఐటమ్స్ ఎక్కడా ప్రింటయ్యేవి కావు: కరెంటు, అడ్రసు. మారాకే వాటి ఖరీదు తెలిసింది. నా గోల వాటి గురించే.

నిజానికి మాటని ప్యాకెట్లుగా కోసి పంపడం కొత్తేం కాదు. అర్పానెట్ మీద 1974లోనే చేసి చూశారు. అది జనం దాకా వచ్చింది 1995 ఫిబ్రవరిలో, ఇజ్రాయెల్‌కి చెందిన వోకల్‌టెక్ అనే కంపెనీ "ఇంటర్నెట్ ఫోన్" సాఫ్ట్‌వేర్ అమ్మడం మొదలెట్టినప్పుడు. రెండు వైపులా కంప్యూటర్లుండాలి, ఇద్దరూ ఒకే టైముకి ఆన్‌లైన్లో ఉండాలి. ఇంత అవస్థ ఉన్నా అమెరికాలో చిన్న టెలిఫోన్ కంపెనీల సంఘం ఒకటి భయపడి, 1996 మార్చిలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మకాలు ఆపించమని ఎఫ్‌సీసీకి (అంటే అక్కడి ట్రాయ్ అనుకోండి) అర్జీ పెట్టుకుంది! ఎఫ్‌సీసీ ఆపలేదు.

అసలు మలుపు 2002లో వోనేజ్ లాంటి కంపెనీలతో వచ్చింది. కంప్యూటర్ అక్కర్లేదు. చిన్న అడాప్టర్ డబ్బాని రూటర్‌కి తగిలించి, ఇంట్లో ఉన్న పాత ఫోనునే దానికి గుచ్చితే చాలు. రిసీవర్ ఎత్తితే అదే డయల్ టోన్. చిక్కంతా ఆ టోన్‌తోనే వచ్చిందని నా అనుమానం. అది ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే టోన్ కాదు, బల్ల మీదున్న డబ్బా చేసే శబ్దం. కానీ చెవికి తేడా తెలీదు కదా! ఫోను మారలేదు, బిల్లు మాత్రం తగ్గింది అనుకున్నారు జనం.

పాత పద్ధతిలో తీగ ఏ ఇంట్లోకి వెళ్ళిందో కంపెనీకి తెలుసు, వాళ్ళ మనిషే వచ్చి లాగాడు కాబట్టి. 911 నొక్కితే మాట్లాడలేకపోయినా సరే, అడ్రసు అవతల స్క్రీన్ మీద కనపడేది. ఇంటర్నెట్ ఫోనుకి ఇల్లే లేదు. న్యూజెర్సీ నంబరున్న డబ్బాని సూట్‌కేసులో పెట్టుకొచ్చి హైదరాబాదులో గుచ్చినా మోగుతుంది. మనకి నచ్చిందే ఆ సుఖం, 911కి కొరకరాని కొయ్య అయిందీ అదే. వోనేజ్‌లో 911 కావాలంటే కస్టమరే అడ్రసు రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చేది. చేసుకున్నా ఆ కాల్ చాలా ఊళ్ళలో ఎమర్జెన్సీ లైనుకి కాకుండా మామూలు ఆఫీసు నంబరుకి పోయేది.

2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఒక ఇంట్లోకి దుండగులు చొరబడి తల్లిదండ్రుల్ని కాల్చారు. ఆ ఇంటమ్మాయి 911 నొక్కితే, ఈ ఫోను నుంచి 911 పనిచేయదని రికార్డింగు వినపడింది. మరుసటి నెల్లోనే టెక్సస్ రాష్ట్రం వోనేజ్ మీద దావా వేసింది. మే నెలలో ఎఫ్‌సీసీ ఆర్డరు వేసి, నవంబరు 28కల్లా 911 సదుపాయం ఇచ్చి తీరాలంది. అందాకా ఈ ఫోనుకున్న పరిమితులు చెప్తూ డబ్బా దగ్గర అతికించుకోడానికి స్టిక్కర్లు కూడా పంపించమంది. అయినా ఇల్లు మారినప్పుడు అడ్రసు మార్చాల్సింది మనమే. ఆరు నెలలకోసారి అపార్ట్‌మెంట్ మారే కన్సల్టెంట్లలో ఎంతమందికి ఆ సంగతి గుర్తుంటుంది? మనవణ్ణి చూసుకోడానికొచ్చిన అమ్మానాన్నలు ఆ ఇంట్లో పొద్దంతా ఒంటరిగా ఉంటారు, అడ్రసు ఇంగ్లీషులో చెప్పడానికి తడబడతారు. పాత తీగ వాళ్ళ బదులు తనే చెప్పేది. 2009లో అదే వోనేజ్ నెలకి 24.99 డాలర్లకి ఇండియాతో కలిపి 60కి పైగా దేశాలకి ఎంతసేపైనా మాట్లాడుకోమనేసరికి మనవాళ్ళకి మిగతా సందేహాలేమీ మిగల్లేదనుకోండి.

ఇక కరెంటు. పాత ఫోనుకి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టులు అదే రాగి తీగ మీద వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను బతికుండేది. ఇంటర్నెట్ ఫోనుకి మోడెమ్, రూటర్, డబ్బా అన్నీ మన ప్లగ్గు మీదే. ఎఫ్‌సీసీ దీనికోసం 2015లో మరో రూలు తెచ్చింది: కనీసం 8 గంటల బ్యాకప్, మూడేళ్ళలో 24 గంటలది, కస్టమర్‌కి ఆఫర్ చెయ్యాలి అని. ఇవ్వమని కాదు, "కావాలా?" అని అడగమని. డబ్బులు మనవే :) అంటే ఎక్స్ఛేంజీ గదిలో అందరికీ కలిపి ఉన్న బ్యాటరీని ముక్కలు చేసి ఇంటికొకటి అమ్మారన్నమాట.

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న అనుమతిచ్చారు. కానీ కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోనుకి చేసుకోవచ్చుగానీ, ఇక్కడి ఫోనుకి చెయ్యకూడదు. ఆ గోడ కూలడానికి 2018 దాకా పట్టింది. ఈలోపు మనం సెల్‌ఫోనులోకి దూకేశాం కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఊళ్ళో నాన్నగారి పాత నంబరు రాగి నుంచి ఫైబర్‌కి మారి ఉంటే, గోడకి మిణుకుమిణుకుమనే ఆ తెల్ల డబ్బా ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. ఫ్యానుకి, టీవీకి వైరు లాగించిన ఎలక్ట్రీషియన్‌కి దాని సంగతి ఎవరూ చెప్పి ఉండరు.